సగం సాక్ష్యం

"దేవుడే ఆపిండని చెప్పు. బ్రేకుల ముచ్చట తియ్యకు," అన్నాడు ప్రభుదాస్, మంచం మీది నుంచే చాయ్ కోసం చెయ్యి చాచి.

దీనమ్మ అల్లం దంచుతోంది. వారమంతా బోధన్ రోడ్డు మీద స్కూలు బస్సు నడిపే చేతులకు ఆదివారం సెలవు బస్సు నుంచే గానీ రోలు నుంచి కాదు. చర్చికి పోయేలోపు కోడికూర ఉడకాలి, మొగుడి తెల్లచొక్కాకు ఇస్త్రీ కావాలి, కూతురు షారోన్‌కు జడ వేయాలి. ఇన్ని చేసే మనిషికి, దేవుడు చేసిన మేలు గురించి చర్చిలో సాక్ష్యం ఎట్లా చెప్పాలో మంచం దిగనివాడు నేర్పుతున్నాడు!

మొన్న బుధవారం ఎడపల్లి దాటాక, ముందు చెరుకు ట్రాక్టరు అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కితే కాలు కిందిదాకా పోయింది గానీ బస్సు ఆగలేదు. వెనక సీట్ల నిండా పిల్లలు, అందులో షారోన్. "యేసయ్యా!" అని కేకేసి, దీనమ్మ గేరు తగ్గించి, పక్కనున్న చెరుకుతోటలోకి తిప్పేసింది. చక్రాలు మెత్తటి మట్టిలో కూరుకుపోయి బస్సు ఆగింది. పిల్లల్లో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

బ్రేకులు సరిగ్గా పడటం లేదని ఆమె దసరా నుంచి చెప్తూనే ఉంది. స్కూలు యజమాని లక్ష్మీరాజం సార్ నవ్వేవాడు. "ఆడోళ్లకు అన్నిటికీ భయమేనమ్మా. మగ డ్రైవర్లు ఎవరన్న అడిగిండ్రా?" అదే సార్ బుధవారం సాయంత్రం ఇంటికొచ్చి కూర్చున్నాడు. "అంత దేవుని దయ. చర్చిల గదే చెప్పు. బ్రేకులంటే మాత్రం, నువ్వే స్పీడ్‌గ నడిపినవని మేం చెప్పాల్సొస్తది." ప్రభుదాస్ తలూపాడు. "నౌకరి పోతే తినుడెట్ల?" అన్నాడు, తనకేదో నౌకరి ఉన్నట్టు.

దీనమ్మకు ఒళ్లు మండింది. ఆపిందేమో దేవుడట, గుద్దబోయిందేమో తనట! మరి బస్సు తిప్పిన చేతులు ఎవరివి? దేవుడి మీద ఆమెకు కోపం లేదు. ఆయన పేరు తలవకుండా ఏనాడూ బస్సు కదిలించలేదు. ఆ పేరునే మసిగుడ్డ చేసి వీళ్లు తమ తప్పు తుడుచుకుంటున్నారు.

చర్చిలో, ఎన్నడూ ఆ గడప తొక్కని లక్ష్మీరాజం సార్ ముందు కుర్చీలో కూర్చున్నాడు. బస్సు పిల్లల తల్లులు కొందరు చాప మీద ఉన్నారు. పాస్టరయ్య పిలవగానే దీనమ్మ కొంగు తల మీదికి లాక్కుని లేచింది.

"అందరికి ప్రభువు పేరిట వందనాలు. దేవుడు మన పిల్లల్ని కాపాడిండు."

అందరూ హల్లెలూయ అన్నారు. సార్ చేతులు జోడించాడు. ప్రభుదాస్ ఊపిరి పీల్చుకున్నాడు. పేరుకు తగ్గట్టే దీనంగా ఉంటుందనుకున్నారు ఇద్దరూ.

"ఇది సగం సాక్ష్యమే," అంది దీనమ్మ. "బ్రేకులు పడ్తలేవని దసరా సంది మొత్తుకున్న. ఆడోళ్లకు భయమని నవ్విండ్రు. అవి బాగయ్యేదాక బస్సు తాళంచెవి నా కొంగుకే ఉంటది."

ముందు కుర్చీ వైపు తిరిగింది.

"లక్ష్మీరాజం సార్, జర లేసి నిలవడుండ్రి. దేవుడు మన పిల్లల్ని ఎవల నుంచి కాపాడిండో అందర్ని సూడనియ్యిండ్రి."