బోర్గిల్డ్ టీచరుగారి శ్రుతి

ముప్పయ్యేళ్ళు ఓస్లోలో ఒపేరాలు పాడి, గొంతు సడలాక సొంతూరు స్వార్ట్‌విక్ వచ్చి ఆడవాళ్ళ పాటల బృందాన్ని నడుపుతోంది బోర్గిల్డ్. అంత గొప్పావిడ మన చేపల రేవుకొచ్చి చేతులూపి పాడించడమే పదివేలని ఊరంతా అనుకునేది. ఆవిడా అలాగే అనుకునేది. అదే వచ్చిన తంటా.

మే పదిహేడు, నార్వే జాతీయ దినం, దగ్గరపడింది. బడి మెట్ల మీద పాడాలి. సాధనలో మాత్రం మూడో చరణానికొచ్చేసరికి శ్రుతి జారిపోతోంది. బోర్గిల్డ్ శ్రుతి చూసుకునే ట్యూనింగ్ ఫోర్కు మోకాలికి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించేది. ఎవరివల్లా అని వెతికితే చేపల షెడ్డులో పనిచేసే తోర్దిస్ దొరికింది. ఆ ఒక్కదాని గొంతే మిగతావాళ్ళతో కలవకుండా పైన నిలబడుతోంది. ఇంకేం, దొంగ దొరికిందనుకుంది.

కాఫీ వేళ అందరిముందే అనేసింది. "తోర్దిస్, ఆ రోజుకి నువ్వు పెదాలు కదుపు, చాలు. గొంతు బయటికి రానీకు."

తోర్దిస్ మొహం ఎర్రబడింది. సరేనని తలూపి కప్పులు కడగడానికి వెళ్ళిపోయింది.

పండగనాడు తోర్దిస్ సంప్రదాయ దుస్తులకి వెండి పిన్నులు పెట్టుకుని, రెండో వరసలో నిలబడి, చెప్పినట్టే పెదాలు కదిపింది. బడి పంతులు ఆ పాటంతా టేపు మీద పట్టి, మర్నాడు బోర్గిల్డ్‌కి తెచ్చిచ్చాడు. ఆవిడ వంటింట్లో కూర్చుని విన్నది. పాట మొదటి చరణంలోనే జారింది. తోర్దిస్ పాడలేదు కదా, మరెవరబ్బా అని చెవి ఒగ్గింది. వణికే గొంతొకటి అందరికన్నా గట్టిగా వినిపిస్తూ, బృందం మొత్తాన్నీ మెడ పట్టి కిందికి లాగుతోంది. చేతులూపుతూ తనూ పాడటం ఆవిడకి అలవాటు. ఆ గొంతు తనదే.

గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అన్నారా! శ్రుతి మీద నిలబడ్డ ఒక్కదాని నోరూ తనే మూయించింది. సిగ్గుతో చచ్చిపోయింది బోర్గిల్డ్. అబద్ధమెందుకు, టేపుని పొయ్యిలో పడేద్దామని పొయ్యి తలుపు తీసింది కూడా. చెయ్యి రాలేదు.

మంగళవారం సాధనలో దాన్ని అందరికీ వినిపించింది. శ్రుతి చెడగొట్టింది తనేననీ, తప్పు తోర్దిస్ మీద రుద్దాననీ ఒప్పుకుని, క్షమించమని అడిగింది. వాళ్ళు తిడతారనుకుంది, కనీసం ఆశ్చర్యపోతారనుకుంది. అందరూ తలొంచుకుని కాఫీ కప్పుల్లోకి చూస్తున్నారు.

తోర్దిస్ మెల్లిగా అంది. "రెండేళ్ళ నుంచీ తెలుసు టీచరుగారూ. మీకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. మీరెంత జారితే అందరూ అంత జారేవాళ్ళు. నాకే అది చేతకాలేదు."

బోర్గిల్డ్‌కి తల కొట్టేసినట్టయింది. వీళ్ళకి నేర్పుతున్నానని ఇన్నాళ్ళూ విర్రవీగింది. వాళ్ళేమో తన పరువు కాపాడుతూ వచ్చారు. ఫోర్కు తోర్దిస్ చేతికిచ్చింది. తోర్దిస్ స్వరం అందుకుంది. పాట చివరిదాకా వెంట్రుకవాసి జారలేదు. బోర్గిల్డ్ చేతులూపుతూ పెదాలు మాత్రం కదిపింది.