తెర మీద రెండో మనిషి

పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా ఒకటికి రెండుసార్లు చూసి, నచ్చితే నచ్చిందనీ లేకపోతే లేదనీ చెప్పేస్తారు. ఈ కంపెనీకి మాత్రం మెహెక్‌ను ఎన్నిసార్లు చూసినా తనివి తీరడం లేదు. ఎండాకాలంలో దరఖాస్తు పెట్టింది. మొదట లెక్కల పరీక్ష అన్నారు, రాసింది. తర్వాత ఇంగ్లిష్ పరీక్ష. ఆ తర్వాత కంప్యూటర్ మీద బుడగలు పగలగొట్టే ఆట. ఆ ఆటకూ ఉద్యోగానికీ ఏం సంబంధమో ఆడించినవాళ్లకే తెలియాలి. ఒక్కో గండం గడవగానే 'అభినందనలు, మీరు తదుపరి దశకు ఎంపికయ్యారు' అని మెయిల్ వచ్చేది. మొదటిసారి ఇంట్లో సేమ్యా వండుకున్నారు. ఇప్పుడు వానాకాలం కూడా అయిపోవచ్చింది, అభినందన అన్న మాట కనబడితేనే ఆ పిల్లకు నీరసం వస్తోంది.

ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు, వాటిలోంచి పట్టాలు పుచ్చుకుని ఖాళీగా తిరిగే పిల్లలకూ కొదవ లేదు. మెహెక్ తండ్రి అబ్దుల్ రహీం యాచారం దారిలో ఆటో నడుపుతాడు. ఆయన నడుము సహకరించడం మానేసింది, ఆయన మాత్రం నడపడం మానలేదు. ఈ ఉద్యోగం వస్తే ఆయనను ఇంట్లో కూర్చోబెట్టాలన్నది ఆ పిల్ల పట్టుదల.

ఇక ఇంట్లో ఉన్నది దాదీ, రహీం తల్లి తాజున్నీసా. ఆమె దువా చదివి ఊదితే జ్వరం దిగుతుందని వీధి వీధంతా నమ్మకం. పసిపిల్ల రాత్రంతా ఏడ్చినా, బర్రె పాలివ్వకపోయినా పక్కింటి బుగ్గమ్మ లాంటివాళ్లు ఆమె గడప దగ్గరికే వస్తారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు. మెహెక్ పదో తరగతి పరీక్షల నుంచి ఏ పరీక్షకు వెళ్లినా ముఖాన దాదీ ఊదనిదే గడప దాటలేదు.

ఈసారి దశ ఇంట్లోనే. కంప్యూటర్ ప్రశ్నలు అడుగుతుంది, దాని కెమెరా చూస్తుండగా జవాబు చెప్పాలి. గదిలో ఒక్కతే ఉండాలి. చప్పుడు చేయొద్దని మెహెక్ ఇంట్లో అందరికీ ముందే చెప్పింది. గదికి తలుపు లేదు, పరదా ఉంది. చప్పుడు చేయొద్దన్నారు కాబట్టి దాదీ చప్పుడు చేయకుండానే పరదా తొలగించుకుని వచ్చింది. పెదవులు కదుపుతూ మనవరాలి ముఖాన ఊదింది. ఎందుకైనా మంచిదని కంప్యూటర్ ముఖాన కూడా ఊదింది.

తెర ఎర్రబడింది. గదిలో మరొక వ్యక్తి కనబడినందున పరీక్ష నిలిపివేస్తున్నామని రాసి ఉంది.

"అంతా ఖరాబ్ చేసినవ్ దాదీ."

"నేనేమన్న మాట్లాడిన్నా?" అంది ముసలామె బెదిరిపోయి.

ఇన్ని నెలల అలసటా ఒక్కసారి మీద పడి, మెహెక్ మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చింది. ఆ సాయంత్రం కంపెనీకి సంజాయిషీ రాసి పంపింది. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు జవాబు వచ్చింది: ఆ రెండో మనిషి కూడా వీడియోలో కనబడి వివరణ ఇవ్వాలట. అంటే ఇప్పుడు దాదీకి కూడా ఇంటర్వ్యూ.

"సాయం చేసినవా అని అడుగుతరు. లేదు అను, గంతే," అని నేర్పింది మెహెక్.

"చేసిన గద."

"చేసిన్నంటె నన్ను తీసేస్తరు దాదీ."

ముసలామె లేచి పరదా అవతలికి వెళ్లింది.

మర్నాడు తెర మీద కనబడిన అమ్మాయి తెలుగులోనే, మర్యాదగానే అడిగింది. "లోపలికి ఎందుకు వచ్చారమ్మా?"

"దువా చదివి ఊదెతందుకు."

ఆ అమ్మాయి కాసేపు ఏదో టైపు చేసుకుంది. "జవాబులేమైనా చెప్పారా?"

"నాకు జవాబులు తెల్వయి."

"సరే. మీ మనవరాలికి పరీక్షలో ఏ రకంగానైనా సాయం చేశారా?"

తాజున్నీసా మనవరాలి వైపు చూసింది. మెహెక్ కళ్లతోనే బతిమాలింది.

"లేదు. నా ఊదుడుతోని ఆమెకు ఏ సాయం కాలే."

మెహెక్‌కు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. పరీక్ష మళ్లీ పెట్టారు, గట్టెక్కింది. మళ్లీ అభినందనలు. ఇక మిగిలింది నగరంలో వాళ్ల ఆఫీసులో చివరి ఇంటర్వ్యూ. ఆ చదువులో పడి ఇల్లు పట్టించుకోలేదు. ఒకరోజు బుగ్గమ్మ జ్వరంతో ఉన్న మనవణ్ని ఎత్తుకొస్తే, "దవాఖానకు తీస్కపో బుగ్గమ్మా," అని దాదీ పంపేయడం వినబడింది. దాదీకే ఒంట్లో బాగాలేదేమో అనుకుని పుస్తకంలో తల పెట్టింది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున బస్‌స్టాండుకు దించడానికి రహీం ఆటో తీశాడు. మెహెక్ కొత్త దుపట్టా వేసుకుని వచ్చి, అలవాటు ప్రకారం దాదీ ముందు తల వంచింది. ముసలి చెయ్యి తల మీద పడింది. ముఖానికి గాలి తగల్లేదు.

"ఊదు దాదీ, బస్సు పోతది."

"పోయిరా బిడ్డా."

"గీడ కెమెరా లేదు. ఎవరు చూస్తరు?"

"చూసుడు కాదు," అంది తాజున్నీసా. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నా ఊదుడుతోని సాయం కాదని నా నోటితోనే చెప్పిన. గదే నోటితోని ఇప్పుడు ఎట్ల ఊదాలె?"

ఆ మాట ఆమెకు నేర్పింది తనేనని మెహెక్‌కు అప్పుడు తగిలింది. బయట రహీం హారన్ కొట్టాడు. మెహెక్ ఇంకాసేపు తల వంచుకునే నిలబడి, తర్వాత వెళ్లి ఆటో ఎక్కింది.