నీళ్లు కలిసిన ఫిక్సర్

కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే అల్లుడికి ఒక్కటే పిచ్చి. నలుపు తెలుపు ఫిల్ము మీద ఫొటోలు తీయడం, ఆ ఫిల్మును ఇంట్లో బాత్రూములో తానే కడుక్కోవడం.

ఈసారి రీలు నిండా అత్తగారే. అరవై దాటాక ఆవిడకు సైకిలు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. మోకాళ్లు చెక్కుకుపోయినా పట్టు వదల్లేదు. సంగతి విన్న ఆవిడ అన్నగారు ఫోన్లోనే పగలబడి నవ్వి, "నువ్వు సైకిలెక్కావా? ఫొటో చూస్తే గాని నమ్మను" అన్నారు. ఆ మాట ఆవిడ మనసులో ముల్లులా దిగబడిపోయింది. ఆదివారం పార్కు వెనక రోడ్డు మీద, ఎవరూ పట్టుకోకుండా, ఈ కొస నుంచి ఆ కొస దాకా తొక్కేశారు. అల్లుడు పక్కన రొప్పుతూ పరిగెత్తి ఫొటోలు తీశాడు.

మర్నాడు భార్య డ్యూటీకి వెళ్లగానే బాత్రూములో దూరాడు. ఫిల్ము మీద బొమ్మను తేల్చే డెవలపర్‌ను సిరంజితో కొలిచి, చల్లటి నీళ్లలో కలిపి, ఫిల్మున్న, వెలుతురు చొరని చిన్న ట్యాంకులో పోశాడు. అది ఒక్కసారికే, పనైతే పారబోయడమే. తేలిన బొమ్మను నిలబెట్టి, మిగతా పొరను కరిగించే ఫిక్సర్ అలా కాదు, ఒకసారి కలిపిపెట్టుకుంటే చాలా రీళ్లకు వస్తుంది. వాడేముందు అందులో ఓ ఫిల్ము ముక్క వేసి, తేటపడుతుందో లేదో చూడటం అతని అలవాటు. ఇవాళ తలుపవతల అత్తగారు పచార్లు చేస్తుంటే కంగారులో ఆ పని మానేసి, నేరుగా ట్యాంకులో పోసేశాడు.

"అయిందా బాబూ?"

"అయిపోవచ్చింది అత్తయ్యా."

మూత తీసి చూస్తే ఫిల్ము మీద పాలు పులిమినట్టు తెల్లటి మసక. చటుక్కున ఫిల్మును మళ్లీ ట్యాంకులో పెట్టి మూతేశాడు. కెమెరా మొరాయించిందని చెబితే? ఆవిడ మళ్లీ తొక్కగలరు, సందేహం లేదు. కానీ మొదటిసారి పడకుండా చివరిదాకా వెళ్లినప్పటి ఆ మొహం మళ్లీ రమ్మంటే వస్తుందా?

ఏం తోచక ఫిక్సర్ సీసా ఎత్తి చూశాడు. అసలే సగం ఉన్న సీసా, ఇందాక ట్యాంకులో పోశాక దాదాపు ఖాళీ కావాలి, అయినా ఇంకా బరువుగా ఉంది. మూత దగ్గర ముక్కు పెట్టాడు. ఎప్పుడూ ముక్కుపుటాలదిరే ఘాటు, ఇప్పుడు ఉందా లేదా అన్నట్టుంది.

తలుపు తీశాడు. "అత్తయ్యా, ఈ గోధుమరంగు సీసా మీరేమైనా ముట్టుకున్నారా?"

ఆవిడ మొహం చిన్నబోయింది. "మొన్న బాత్రూము కడిగినప్పుడు చూశాను బాబూ. సగానికి దిగిపోయింది, పైగా ఒకటే ఘాటు. సబ్బునీళ్లలాంటిదే కదా, నాలుగు రోజులు ఎక్కువ వస్తుందని నిండా నీళ్లు పోశాను." కాస్త ఆగి, "కొంప ముంచానా?" అన్నారు.

అల్లుడు గోడకు ఆనుకుని గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "మునగలేదు అత్తయ్యా. మందు పలచబడి సగం పనే చేసింది, అంతే. బొమ్మలు వచ్చేసే ఉంటాయి. పైనున్న పొర పోవాలి."

"పోతుందా?"

"చిక్కటి మందు పడితే పోతుంది. నీళ్లు కలపనిది డబ్బాలో కొంచెం మిగిలే ఉంది."

డబ్బాలోని మందు కొలతగ్లాసులో వంచి, ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలిపాడు. గీత కంటికెదురుగా వచ్చేలా వంగి చూసి మరీ కొలిచాడు. అత్తగారు గడప మీదే నిలబడ్డారు. ట్యాంకులోని పలచటి మందు పారబోసి, కొత్తది పోసి, నెమ్మదిగా తలకిందులు చేస్తూ నిమిషాలు లెక్కపెట్టాడు.

ఈసారి మూత తీస్తే మసక లేదు. తేటగా, అద్దంలా ఉంది ఫిల్ము. బాగా కడిగి, కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టాడు. చిన్న చిన్న గళ్లలో సైకిలు, రోడ్డు, హ్యాండిలు మీదికి వంగిన మనిషి.

అత్తగారు కళ్లజోడు సవరించుకుని దగ్గరకొచ్చారు. నెగెటివ్‌లో తెల్లనివన్నీ నల్లగా, నల్లనివన్నీ తెల్లగా ఉన్నాయి. ఆవిడ చాలాసేపు చూశారు.

"బాబూ, నా జుట్టంతా నల్లబడిందే."

"అవునత్తయ్యా."

"అయితే పెద్దది చేసేటప్పుడు దీన్నిలాగే ఉంచు," అని ఆవిడ కిసుక్కున నవ్వారు.