జీడిపండు తగువు

దోటి ఎత్తే ముందు కనక చెట్టును తిట్టింది. "నీ మొదలు సెదలు తినా! నా ఒంటి మీద సుక్క పడిందంటే నరికేత్తాను."

నల్లజీడి చెట్టును ముందుగా తిట్టకపోతే ఒళ్ళంతా పొక్కులు లేస్తాయని అత్త నేర్పింది. కనక ఆ పాఠాన్ని చెట్టుతో ఆపలేదు. మేకను, పొయ్యిని, కాఫీ మొక్కల నీడకని సిల్వర్ ఓక్ చెట్లు నాటించిన ఆఫీసువాళ్ళను తిట్టింది. అందరికంటే ఎక్కువగా ఆడబిడ్డ చిట్టెమ్మను తిట్టింది. మొగుడు పోయి పుట్టింటికి చేరిన చిట్టెమ్మ, చెట్టు తన అయ్యదంది. కనక తన మొగుడిదంది. రెండిళ్ళ మధ్య వెదురు దడి లేచింది. ఆ తర్వాత కనక ఆమెకు ఒక్క పండూ పెట్టలేదు.

చేతులకు ఇప్పనూనె పట్టించి కొమ్మ వంచింది. నారింజరంగు పండు, కొసన నల్లటి పిక్క. పిక్కలోని జీడి రసం మడమల పగుళ్ళకు మందే గానీ, మెత్తని చర్మానికి తగిలితే కాల్చేస్తుంది. కనక మోచేతుల మీది పాత మచ్చలు చోళ్ళ (రాగుల) రొట్టె మీది మాడులా ఉంటాయి. పిక్క తుంచేసి, పండును వేడిబూడిదలో కాల్చి, దండ గుచ్చి పొయ్యిపైన వేలాడదీస్తే, వానల్లో గింజ నిండుకున్నప్పుడు అంబలిలోకి అదే ఆధారం.

కోడలు రత్న చెట్టుకిందకు వచ్చింది. "అత్తా, పెద్దత్తకి పొద్దుట్నుంచి గంజి దిగనేదు. జీడిపండు అడుగుతంది."

"సెట్టు నాదేనని నోటితో అనమను. బుట్టెడు పెడతాను."

రత్న దడి దాటి చిట్టెమ్మను అడిగి వచ్చింది. "సచ్చినా అననంది."

"అయితే సావమను."

అలా అన్నదే గానీ, ఇంటికెళ్ళి బాగా పండినవి మూడు ఏరింది. బూడిదలో పొర్లించి, దులిపి, అడ్డాకు దొప్పలో వేసింది. గొణుగుతూనే దడి దాటింది.

చిట్టెమ్మ మంచంలో ఎండుకట్టెలా ఉంది. చూపుకు మాత్రం పదును తగ్గలేదు.

"విషం కలిపినావేటి?"

"నీకు విషం దండగ. తిను." కనక మంచం పక్కన కూర్చుని దొప్ప ముందుకు పెట్టింది.

చిట్టెమ్మ ఒక పండు కొరికి చాలాసేపు చప్పరించింది. "సెట్టును తిట్టి కోసినావా?"

"నీ పేరెట్టి తిట్టినాను."

"అందుకే తియ్యగుంది."

కనకకు నవ్వొచ్చింది, మింగేసింది. "ఇప్పుడైనా సెప్పు వదినా. సెట్టెవులిది?"

"మా అయ్యది." చిట్టెమ్మ మరొకటి తిని, ఇంకొకదాన్ని వేలితో పక్కకు నెట్టింది. "ఇది మాడ్సినావు. ఇన్నేళ్ళైనా నీకు కాల్సడం రానేదు."

"నానా? మాడ్సినానా?" కనక విసురుగా లేచింది. "ఉండు, నీ సంగతి సెప్తాను."

ఇంటికెళ్ళి ఇంకో పండు ఎర్రగా కాల్చి తీసి, ఊదుకుంటూ మళ్ళీ దడి దాటేలోగా దానికి తోడు జవాబూ సిద్ధం చేసుకుంది. చిట్టెమ్మ ముఖం గోడ వైపు తిరిగి ఉంది. రొమ్ము కదలడం లేదు.

"వదినా," అంది కనక. "లెగు. తగువు సగంలో ఒగ్గేసి ఇదేటి?"

రత్న వచ్చి ఏడుపు అందుకుంది. కనక ఏడవలేదు. జవాబు నాలుక మీదే ఉండిపోయింది.

మంచం మీద దొప్ప అలాగే ఉంది. ఇందాక కనక కూర్చున్న వైపు అంచుకు జరిపి ఉంది. అందులో మాడిందని చిట్టెమ్మ నెట్టేసిన పండొక్కటే. అన్నిటిలోకి పెద్దది, తేనెరంగులో నిగనిగలాడుతోంది. ఎక్కడా మాడలేదు.