మూడో రోజుకి పోయిన వాసన

గుంతలోకి దిగేముందు మీటరు పెట్టి, విషవాయువు ఉందేమో గాలి చూడాలి. దిగే మనిషి నడుముకు తాడు కట్టాలి, పైన ఇద్దరు ఆ తాడు పట్టుకుని నిలబడాలి. ముక్కుకు ఫిల్టరున్న మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు, కాళ్లకు బూట్లు ఇవ్వాలి. తీసిన మట్టి మీద టార్పాలిన్ కప్పాలి. పని అయ్యాక సబ్బూ నీళ్లూ ఇవ్వాలి.

ఇవన్నీ ఒక కాగితం మీద ఇంగ్లీషులో ఉన్నాయి. చిలకలూరిపేట దాటాక హైవే పక్కన మూతపడిన పెట్రోలు బంకులో, కాంట్రాక్టరు లక్ష్మీకాంత్ కుర్చీ వెనక గోడకు అంటించి ఉంది ఆ కాగితం. వీరమ్మ మేస్త్రిగా ఉన్న కూలీల ముఠా తొమ్మిది మందీ రోజూ దాని కిందే మంచినీళ్లు తాగారు. చదవగలిగినవాళ్లు లేరు.

ట్యాంకు చిల్లుపడి ఏళ్ల తరబడి పెట్రోలు ఇంకిన నేల అది. ఆ మట్టి తీసెయ్యడానికి జేసీబీ అందని మూలల్లో మనుషులే దిగి తవ్వాలి.

"మీరు మిరపకాయల్లో పుట్టి పెరిగినోళ్లు. ఈ వాసనెంత మీకు?" అన్నాడు లక్ష్మీకాంత్ మొదటిరోజు.

"మా వదిన తిట్లకంటే ఘాటా సార్ ఇది?" అని ముఠాలోని అంకయ్య వీరమ్మను చూపించాడు. అందరూ నవ్వారు. వీరమ్మా నవ్వింది.

ఇరవై ఏళ్లుగా మిరప కళ్లాల్లో చేసినట్టే ఆమె అందరిచేతా ముక్కుకు తడిగుడ్డ కట్టించింది. తలలు పగిలేంత నొప్పి, వాంతులు. మూడో రోజుకి మాత్రం వాసన తెలియడం మానేసింది. కళ్లంలోనూ అంతే. మూడో రోజుకి తుమ్ములు ఆగుతాయి, ఒళ్లు పనికి అలవాటు పడిందని లెక్క.

"ఇంకేం భయం లేదు, దిగండ్రా," అంది వీరమ్మ.

నాలుగో రోజు పొద్దున అంకయ్య గుంత అడుగుకి దిగాడు. పార చప్పుడు రెండుసార్లు వినిపించింది. మళ్లీ వినిపించలేదు. మట్టి తోలే లారీ డ్రైవరు మాబు కొక్కెం తాడు వేసి పైకి లాగేసరికి ప్రాణం లేదు. ముక్కుకి తడిగుడ్డ అలాగే ఉంది.

సమాధి చేసిన మర్నాడు, పోస్టుమార్టం రిపోర్టు ఇంకా రాకముందే, లక్ష్మీకాంత్ ముఠాను పిలిపించాడు.

"అంకయ్య తాగి దిగాడని రాసిన ఈ కాగితం మీద తలా ఒక వేలిముద్ర వెయ్యండి. మిగతా మట్టి రేపటికల్లా తీసెయ్యాలి."

అంకయ్య కూతురు స్తుతి కూడా వచ్చింది. నరసరావుపేటలో డిగ్రీ చదువుతోంది. బల్ల మీది కాగితాన్ని ఆ పిల్ల ముట్టుకోలేదు. గోడ మీది కాగితాన్ని చదివింది. ఒక్కో మాటా తెలుగులో ముఠాకు చెప్పింది.

లక్ష్మీకాంత్ కుర్చీలోంచి లేచాడు. "అది రూలు కోసం అంటించిందమ్మా. తడిగుడ్డ కట్టించిందెవరు? భయం లేదు దిగమన్నదెవరు? మీ వీరమ్మనే అడుగు!"

"నిజమా పెద్దమ్మా?"

వీరమ్మ బల్ల మీది కాగితం వైపు చూసింది. కాదంటే చాలు. వేలిముద్ర వేస్తే ఆ మాట కూడా అక్కర్లేదు, తప్పంతా చచ్చినవాడి మీదికే పోతుంది.

"నిజమేనమ్మా. నేనే చెప్పా. నాకొచ్చిన పని మిరపకాయ. అది మండించి చెబుద్ది. ఇది చెప్పకుండానే చంపుద్దని నాకు తెలీదు. నా తప్పు నేను మోస్తా." ఆమె లక్ష్మీకాంత్ వైపు తిరిగింది. "నీకు తెలుసు కదయ్యా! నీ వీపెనకే రాసుంది. తెలిసీ మమ్మల్ని నవ్వించి దించావు. అంకయ్య నా ముందే టీ తాగి దిగాడు. ఈ వేలు నీ కాయితం మీద పడదు!"

"మాదీ పడదు!" అన్నాడు ముఠాలో ప్రేమదాసు. "స్తుతీ, మళ్లీ చదువు. గట్టిగా!"

"గాలి చూశారా?"

"లేదు!"

"తాడు కట్టారా?"

"లేదు!"

ఆ కేకలకు షిఫ్టు దిగి వెళ్తున్న స్పిన్నింగు మిల్లు కార్మికులు ఆగారు. మాబు ఇంజను ఆపి కిందికి దూకి మిల్లు వాళ్లవైపు తిరిగాడు. "ఈ మట్టిని మీ కాలనీ పక్క కుంటలో పోయిస్తున్నాడు. ఇక నా బండి కదలదు!" మూడోసారి చదివేటప్పటికి రెండొందల గొంతులు లేదన్నాయి.

మధ్యాహ్నం పోలీసులు వచ్చారు. పని ఆపించిందని వీరమ్మను జీపెక్కించారు.

"అదంతా తెలుగులో రాసి పక్కనే అంటించండి," అని అరిచింది ఆమె. "మీటరూ తాడూ మాస్కూ అన్నీ వచ్చేదాకా ఒక్కరూ దిగొద్దు!"

ఎవరూ దిగలేదు. గుంతకు దూరంగా, గాలి వచ్చే వైపున, బీడీ వెలిగించకుండా కూర్చున్నారు. స్తుతి తెలుగులో రాస్తోంది.

ఇది చదివే మీకు రేపు ఏ గుంతలోకైనా, ఏ ట్యాంకులోకైనా దిగమని పిలుపు రావచ్చు. గాలి చూశారా అని ముందు అడగండి. అడిగేటప్పుడు అంకయ్యను గుర్తుచేసుకోండి. వదిన మాట నమ్మి, తడిగుడ్డ కట్టుకుని దిగినవాణ్ణి.