పరగడుపున ఒక రోజు

"మా ఇంట్లో ఫ్రిజ్‌కి తాళం అక్కర్లేదండీ, మా ఆవిడే కాపలా." ఇంటికెవరొచ్చినా మా ఆయన అనే మాట ఇది. అందరూ నవ్వుతారు. అత్తయ్య అందరికంటే గట్టిగా నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నిజమే మరి. సాయంత్రం ఆరవుతుందనగా ఫ్రిజ్ ముందు నిలబడి బ్రెడ్డు ముక్కలు నోట్లో కుక్కుకుంటాను. ఆ వేళకి కడుపులో ఎవరో మెలిపెడుతున్నట్టుంటుంది. డాక్టరు గ్యాస్ అన్నాడు. మూడేళ్ళుగా మాత్రలు మింగుతున్నాను.

నా ఉద్యోగం ల్యాబులో రక్తం తీయడం. వరుసలో కూర్చున్నవాళ్ళని "పరగడుపునే వచ్చారా?" అని అడిగి సూది గుచ్చుతాను. అప్పుడప్పుడూ పరీక్షలకొచ్చే ఒక రిటైరైన టీచరుగారు, వారానికొక రోజు మంచినీళ్ళతోనే గడుపుతున్నానని చెప్పారు.

"లావు తగ్గడానికా మేడమ్?"

"ఈ వయసులో తగ్గి ఎవరికి చూపించాలమ్మా? జీవితమంతా బళ్ళో గంట కొట్టగానే తిన్నాను. గంట లేకపోతే ఏమవుతుందో చూద్దామని."

ఆ మాట నన్ను వదల్లేదు. బుధవారం నేనూ తినకూడదనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

పొద్దున్న డబ్బాలు సర్దుతుంటే, పాప కొరికి వదిలేసిన బ్రెడ్డు అంచు నా నోటిదాకా వచ్చి ఆగింది. ఇది రోజూ తింటున్నానా నేను? కూరలో ఉప్పు చూడబోయి గరిట దించేశాను. ఉప్పు ఎక్కువైతే?

రెండేళ్ళ కిందట ఒకసారి ఎక్కువైంది. ఆయన అరవలేదు. చెయ్యెత్తలేదు, ఎప్పుడూ ఎత్తరు, ఆ సంగతి నేనే నలుగురికీ గర్వంగా చెప్పుకుంటాను. గిన్నెలో కూరంతా నా కంచంలో వంచి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "తిను. నేను చూస్తా." అయిపోయేదాకా కదలనివ్వలేదు. అప్పటికి ఏడేళ్ళ పాప, తలుపు చాటునుంచి చూసింది. అత్తయ్య నీళ్ళ గ్లాసు నా పక్కన పెట్టి లోపలికెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

పదకొండింటికి ల్యాబులో ఆకలేసింది. కడుపు గుర్రుమంది, నోట్లో నీళ్ళూరాయి. గ్లాసుడు నీళ్ళు తాగితే కాసేపటికి సర్దుకుంది. మధ్యాహ్నం మళ్ళీ వచ్చి, మళ్ళీ పోయింది. ఇంతేనా అనిపించింది.

ఐదున్నరకి ఇంటికొచ్చాను. ఇంకో పావుగంటకి మెలిక మొదలైంది. ఇది పొద్దుటి ఆకలిలా లేదు. చెవులు గేటు దగ్గరే ఉన్నాయి. ఆరింటికి ఆయన గేటు వేసే చప్పుడుని బట్టి ఆ సాయంత్రం మాకెలా గడుస్తుందో తెలిసిపోతుంది. నోట్లో ముక్క లేకపోయేసరికి ఇల్లంతా కళ్ళకి కనపడింది. అత్తయ్య రేడియో తగ్గించేసి, ఒకదాని వెంట ఒకటి బిస్కెట్లు నములుతున్నారు. పాప గుమ్మంలో చెప్పులు జతలు జతలుగా సర్ది, పరుగున వచ్చి ఫ్రిజ్ తలుపు తీసింది.

"అమ్మా, ఆకలేస్తోంది."

అరగంట కిందటే నానమ్మ పెడితే కడుపునిండా తిన్న పిల్ల. బ్రెడ్డు నోట్లో కుక్కుకుంటూ గేటు వైపే చూస్తోంది.

ఫోన్ మోగింది. ఆయనే. "మీటింగుంది. ఎనిమిదిన్నరవుతుంది" అని పెట్టేశారు.

"నాన్న ఆలస్యంగా వస్తారట" అన్నాను పైకి.

అనీ అనగానే నా కడుపులో మెలిక విడిపోయింది. అత్తయ్య గదిలో రేడియో గొంతు పెరిగింది. పాప సగం కొరికిన ముక్కని కంచంలో పెట్టేసింది.

"తినేయ్ తల్లీ."

"వద్దమ్మా. పోయింది ఆకలి."

వంటగట్టు దగ్గరే నిలబడిపోయాను. పదకొండేళ్ళ కాపురంలో ఇన్ని సాయంత్రాలు నేను మింగుతున్నదేమిటో తెలిసింది. తెలిశాక భయం తగ్గలేదు, రెట్టింపయింది. మింగడం ఎలాగో నన్ను చూసే నేర్చుకుంది నా కూతురు.

అక్కకి ఫోన్ చేశాను. "నేనూ పాపా వస్తున్నాం. ఏడింటి బస్సుకి."

"ఏమైందే? కొట్టాడా?"

"లేదు."

"మరి?"

ఏమని చెప్పను? "వచ్చాక చెప్తాను. ఎన్నాళ్ళుంటావని మాత్రం అడక్కు."

"సరే, రా. ముందు గది ఖాళీ చేస్తాను" అంది.

సంచిలో పాప బట్టలు కుక్కుతూ గడియారం చూశాను. ఆరుంబావు. మీటింగు తొందరగా అయిపోతే? గాలికి గేటు కదిలినా నేనూ పాపా ఒకేసారి అటు తిరుగుతున్నాం.

రేడియో ఆగిపోయింది.

తలెత్తితే గుమ్మంలో అత్తయ్య. నేను అక్కతో మాట్లాడిందంతా విన్నారని ఆ మొహం చూస్తేనే తెలిసింది. ఆమె చేతిలో ఫోనుంది. కొడుక్కి చెప్పేస్తారు, అంతే, అయిపోయింది అనుకున్నాను. పాప నా చీర కుచ్చిళ్ళు గుప్పిట్లో పట్టుకుంది.

"అత్తయ్యా..." అన్నాను.

ఆమె చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశారు. ఫోన్ స్విచాఫ్ చేసి మంచం మీద పెట్టారు.

"ఆ సంచిలో నావి కూడా రెండు జతలు పట్టేట్టు చూడమ్మా" అన్నారు.