ఆవగింజ వంతు

“దసరా వెళ్ళనివ్వు హైమా, మళ్ళీ మొదలుపెడదాం,” అంది హనుమాయమ్మ గోరుచిక్కుళ్ళు తుంచుతూ.

అత్తగారు అన్న తీరు వింటే ఎవరైనా రెండో విడత వడియాల సంగతనుకుంటారు. హైమవతి టీకి నీళ్ళు పడేసి, ఆ ‘మొదలుపెడదాం’లో ఎంతమంది ఉన్నారా అని ఆలోచించింది. అత్తగారున్నారు. హాల్లో మొగుడు చక్రపాణి ఉన్నాడు. తెనాలిలో ఆడపడుచు ఉంది. మంచిరోజు చూసిపెట్టే పంతులుగారు కూడా ఉన్నట్టే. తను మాత్రం ఎక్కడో గిన్నె అడుగున అంటుకున్న మాడులా ఉంది. గీకితే తప్ప కనపడదు.

ఆ ‘మళ్ళీ’ వెనకాల ఒక జులై నెల ఉంది. అప్పుడూ తెలంగాణ బందే. నాలుగో నెల. బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే నొప్పి మొదలైంది. ఆటోలు లేవు. చక్రపాణి స్కూటరు వెనక కూర్చుని, సరూర్‌నగర్ గల్లీల్లో స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా అతని చొక్కా పిడికిట్లో బిగించి పట్టుకుని నర్సింగ్‌హోముకి వెళ్ళింది. సాయంత్రానికి ఖాళీగా తిరిగొచ్చింది. చెప్పులు విప్పకముందే హనుమాయమ్మ అంది, “ఎవరైనా అడిగితే జ్వరమని చెప్పమ్మా. ఇలాంటివి పదిమంది నోళ్ళలో పడకూడదు.” అలా ఆ బిడ్డ ఈ లోకంలో వైరల్ ఫీవరుగా నమోదైంది. అయిదో రోజున చక్రపాణి బాబాయి విశ్వేశ్వరరావు ఎల్‌బీ నగర్‌లో ఫ్లాటు చూడటానికి దిగాడు. ఆయనకి పులిహోర చేసి పెట్టింది. ఉప్పు తగ్గిందన్నాడు. తగ్గిందని ఒప్పుకుంది. “బాధపడకు హైమా, మర్చిపోదాం. మళ్ళీ ట్రై చేద్దాం,” అన్నాడు చక్రపాణి. మంచివాడు. అన్నమాట ప్రకారం మర్చిపోయాడు. “మీకు మనసు కుదిరాక చూడండి” అని డాక్టరమ్మ చెప్పిన మాటలో ‘మనసు కుదిరాక’ అన్న ముక్క ఇంటికొచ్చేలోపే ఎక్కడో జారిపోయింది. దాని స్థానంలో దసరా వచ్చి కూర్చుంది.

ఇప్పుడు సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లోంచి కదలటం లేదు, కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. ఇవాళ బందు కూడా కావడంతో దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. హాల్లో పెద్దవాళ్ళు ఇంకో ఆట ఆడుతున్నారు. ఆఫీసు పనిమీద బెంగళూరు వెళ్ళినప్పుడు చక్రపాణి నేర్చుకొచ్చిన ఆట అది. ఒకళ్ళు కథ నడిపిస్తారు. మిగిలినవాళ్ళు ఆ కథలో ఒక్కో పాత్ర అయిపోయి, ఏం చేస్తామో నోటితో చెప్తారు. కత్తి తగిలిందా, గోడ దూకగలిగారా అన్నది ఇరవై ముఖాల పాచిక చెప్తుంది. కథ నడిపేది చక్రపాణి. పైవాటా ఉపేంద్ర ఒక మాంత్రికుడు. చక్రపాణి ఆఫీసులో పనిచేసే అరుణ ఒక సేనాని. ఆమెది నాగోల్, బందయినా గల్లీల్లోంచి స్కూటీ మీద వచ్చేసింది. నాలుగో మనిషి దొరక్క హైమవతిని కూర్చోబెట్టారు. పాత్రకి పేరేం పెడతావని అడిగినప్పుడు ఆమె పోపు వేస్తోంది. మూకుడు వంక చూసి “ఆవగింజ” అంది. అడవిలో చప్పుడు కాకుండా నడిచే, జాడలు పట్టే మనిషి ఆవగింజ. ఇంట్లో చప్పుడు కాకుండా నడిచే అలవాటు ఎటూ ఉంది కనక పాత్ర బాగా కుదిరింది. కథకి అవసరమని పోయిన వారం ఆవగింజకి వంతెన కాపలాదారుతో పెళ్ళి చేశాడు చక్రపాణి.

టీ పట్టుకుని వెళ్ళేసరికి ఉపేంద్ర అంటున్నాడు, “నిజం చెప్పు అరుణా, మీ రాష్ట్రం వస్తే మా సామాన్లు మేం సర్దుకోవాలా?”

“మిమ్ముల ఎవరు పొమ్మన్నరు ఉపేంద్రా? ఉండుండ్రి. మమ్ముల అడగకుంట కలిపిండ్రు, గదే మా లొల్లి. అడగాలె గదా మనిషిని,” అంది అరుణ. “ఛాయ్ ఇట్లియ్యి అక్కా.”

హైమవతి కప్పు ఇచ్చింది. ఆ మాట మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

చక్రపాణి ల్యాప్‌టాప్ తెరిచాడు. “కథలో రెండేళ్ళు గడిచాయి. పెళ్ళయిన ఆడపాత్రలకి పిల్లల విషయం ఆట పుస్తకంలో ఎక్కడా లేదు. అందుకని మనింటి రూల్స్ నేనే రాశా.” ఆదివారం రెండుపూటలా కూర్చుని రాశాడు. మధ్యలో ఆమె పకోడీలు కూడా అందించింది. ఆఫీసు పనేమో అనుకుంది.

చదివాడు. గర్భవతికి బలం రెండు తక్కువ. నడక సగం. తెలివి రెండు తక్కువ.

“ఆగు ఆగు. నడక సరే. తెలివెందుకు తగ్గాలె?” అంది అరుణ. “మా అమ్మ నన్ను కడుపుల వెట్టుకొని భూమి కేసు గెల్చింది.”

“బ్యాలెన్స్ కోసం అరుణా. లేకపోతే అందరూ గర్భవతులే ఆడతారు.”

“నువ్వొకసారి ఆడి చూడరాదు?”

ఉపేంద్ర నవ్వాడు. చక్రపాణి కూడా నవ్వి, కడుపు పండుతుందో లేదో తేల్చడానికి పాచిక వేశాడు. చిన్న అంకె పడింది. “ఆవగింజ గర్భవతి. కంగ్రాట్స్ హైమా.”

“ఎవరు వేశారు?” అంది హైమవతి.

“నేనే. ఇదిగో, ఇప్పుడు నువ్వు వెయ్యి, కాన్పు ఎలా అవుతుందో తేలుతుంది. ఒకటి పడితే తల్లి పోతుంది. రెండు నించి అయిదు దాకా బిడ్డ పోతుంది, తల్లి ఒక వంతు కూర్చుంటుంది. ఆ తర్వాత మామూలే. అయిదు దాటితే ఏ బాధా లేదు.”

అతని గొంతులో ఏ దాపరికమూ లేదు. దాచడానికి గుర్తుండాలి కదా. అంత ఇష్టంగా, పాయింటు పాయింటుకీ సరిచూసుకుంటూ కాన్పు గురించి ఆలోచించిన మనిషి తన మొగుడేనని ఆమెకి అప్పుడే తెలిసింది. ఆ రెండుపూటల్లో ఒక్కసారైనా వంటింటి గుమ్మందాకా వచ్చి, “హైమా, ఎలా ఉంటుంది?” అని అడిగి ఉంటే సరిపోయేది. తెలిసిన మనిషి పది అడుగుల దూరంలో శనగపిండి కలుపుతోంది. చల్లగా ఉన్న ఆ పాచికని పిడికిట్లోకి తీసుకుంది. స్కూటరు మీద చొక్కాని పట్టుకున్నట్టే పట్టుకుంది.

“ఒక వంతంటే ఎంతసేపండీ?”

“టేబుల్ చుట్టూ ఒక రౌండు. అయిదు నిమిషాలు పడుతుందేమో.”

“నయమే. నాకు నాలుగు రోజులిచ్చారు.”

ఉపేంద్ర చిప్స్ గిన్నెలో చెయ్యి పెట్టినవాడు తీయడం మర్చిపోయాడు. వంటింట్లో గోరుచిక్కుళ్ళు తుంచుతున్న చప్పుడు ఆగింది.

“ఎప్పుడక్కా?” అంది అరుణ మెల్లగా.

“జులైలో. బందు రోజు. మీ అందరికీ జ్వరమని చెప్పారు కదా, అదే.”

హనుమాయమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కోడలు ఆమె కోపం కోసం చూసింది. అత్తగారి కళ్ళు కోడలి మీద లేవు, ఆ పిడికిలి మీద ఉన్నాయి.

“మా రోజుల్లో మూడో రోజే లేపేవాళ్ళు,” అంది. మళ్ళీ తనే, “నన్ను రెండో రోజే లేపారు. కళ్ళంలో నూర్పుళ్ళని,” అంది. నీకు నయమే కదా అని దెప్పిందో, ఇన్నేళ్ళకి తన సంగతి చెప్పుకుందో హైమవతికి తెలియలేదు. బహుశా ఆమెకీ తెలియదు.

చక్రపాణి ల్యాప్‌టాప్ దగ్గరకి లాక్కున్నాడు. “హైమా, నేను... ఆ దృష్టితో రాయలేదు. మారుస్తా. ఎన్ని వంతులు పెట్టమంటావు? మూడు? అయిదు చాలా?” వేళ్ళు కీబోర్డు మీద సిద్ధంగా ఉన్నాయి. నిజంగానే బాధపడుతున్నాడు. అతనికి తెలిసిన బాధ అంతే, ఒక అంకె తీసి ఇంకో అంకె పెట్టేది.

“అంకె మార్చక్కర్లేదు. ఇంకోటి రాయండి,” అంది హైమవతి. “మోసే మనిషి అడిగితేనే పాచిక.”

“మరి అడక్కపోతే?”

“అడగదు. ఆవగింజ అడవిలో జాడలు పడుతూ ఉంటుంది. ఆ పని మీకు ఎటూ అవసరమే.”

అతను పాచిక కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి నడిచింది. అడుగుల చప్పుడు అందరికీ వినపడింది. పోపుల డబ్బా తీసి, ఆవాల గిన్నెలో పాచికని గుచ్చింది.

“దసరాకీ దీనికీ ఏం లేదు అత్తయ్యగారూ. నేను చెప్పినప్పుడు. చెప్పకపోతే లేదు.”

హనుమాయమ్మ గోరుచిక్కుళ్ళు పొయ్యి మీద పెట్టింది. హాల్లో అరుణ గొంతు వినిపించింది, “రాయి చక్రపాణీ, ఏందట్ల చూస్తున్నవ్?” కాసేపటికి కీబోర్డు టకటకమంది.

గోరుచిక్కుళ్ళు ఉడికాయి. ఎప్పుడూ పోపు వేసేది కోడలే. ఇవాళ ఆమె కదలకుండా కిటికీ దగ్గర నిలబడితే, అత్తగారే మూకుడు పెట్టి నూనె పోసింది. డబ్బా తెరిచింది. ఆవాల్లో కూరుకున్న ఆ పాచిక వంక చాలాసేపు చూసింది. ఆ తర్వాత చెంచా పక్కనించి పోనిచ్చి, దానికి తగలకుండా కాసిని ఆవాలు తీసుకుని, పాచికని అలాగే ఉంచి మూత పెట్టింది.